మేడ మీద కసరత్తు

మార్చి 18

క్లినిక్ మూసేశాం. డాక్టర్ గారు షట్టర్‌కి తాళం వేస్తూ, "రెండు వారాలేనమ్మా. పళ్ళు ఎక్కడికీ పారిపోవుగా," అన్నారు. నవ్వాను. బస్సులో నా వెనక సీటాయన దగ్గాడు. రెండు స్టాపుల ముందే దిగి నడిచొచ్చేశాను.

ఈ డైరీ క్లినిక్‌ది. అపాయింట్‌మెంట్లు రాసుకునేది. నా సంచిలో ఇంటికొచ్చేసింది. రేపు పదింటికి పిప్పిపన్ను, పదకొండుకి చిగుళ్ళ వాపు. అందరికీ ఫోన్ చేసి రావద్దని చెప్పేశాను. ఇక ఈ కాగితాలన్నీ నావే.

మార్చి 22

మా అమ్మాయి కొంగ డైవింగ్ పోటీలు రద్దు.

డైవింగ్ మాస్టారు ఫోన్ చేసి దానితోనే మాట్లాడారు. "సరే మాస్టారూ... సరే... అలాగే," అని మూడు ముక్కలు అని ఫోన్ నా చేతికిచ్చి, కంచం ముందు కూర్చుని మిగిలిన అన్నం తినేసింది. మాస్టారి గొంతే వణికింది. "అమ్మా, మే పన్నెండున దూకితే క్యాంపుకి ఎంపికయ్యేది. జూలైకి పద్దెనిమిది నిండితే జూనియర్స్‌లో ఇక లేదు. పిల్లని కాస్త చూసుకోండి," అన్నారు.

ఏడేళ్ళు. ఏడేళ్ళు తెల్లవారకముందే లేచి, నేనూ అదీ, పూల్‌కి. నేను గట్టు మీద బెంచీలో కునికిపాట్లు, అది ఆ ఇనప మెట్లెక్కి పైనుంచి దూకడం. అది ఎగిరిన ప్రతిసారీ నేను కళ్ళు మూసుకునేదాన్ని. ధభీమని కాకుండా సన్నగా 'చుప్' అన్న చప్పుడు వినిపిస్తే కళ్ళు తెరిచేదాన్ని.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గిన్నెలు కూడా కడిగింది. ఎంత బుద్ధిమంతురాలో.

మార్చి 27

మా ఆయన హాస్పిటల్‌లోనే ఉండిపోయారు. ఆక్సిజన్ లైన్లు చూసే మెకానిక్‌ని ఇప్పుడు ఇంటికి ఎవరు పంపిస్తారు? పంపినా రారు. అత్తయ్యకి ఆయాసం. "మా అమ్మకి ఈ జబ్బు నేను మోసుకొచ్చానంటే ఇక నేను బతికినా ఒకటే, చచ్చినా ఒకటే," అన్నారు. సాయంత్రం అయిదుకి ఫోన్ చేస్తారు. వెనక ఏదో గుయ్యిమని మోత. ఆ మోత వినపడితే అంతా సవ్యంగా ఉన్నట్టట.

ఆ మోత ఆగితే?

అడగలేదు.

ఏప్రిల్ 2

టైంటేబుల్ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఆరింటికి లేవడం. ఏడింటికి అందరం కలిసి ఊపిరి వ్యాయామం. పది నుంచి పన్నెండు అల్మారాలు సర్దడం. మధ్యాహ్నం కొంగ చదువు, నాకు అల్లికలు. అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, "చచ్చిపోవడానికి ఏ టైము రాశావమ్మా?" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. వంటింట్లోకి వెళ్ళి కూరగాయలు మళ్ళీ కడిగాను. సబ్బు నురగలో వంకాయలు మెరుస్తున్నాయి. చేతులు పగిలి మంట.

ఏప్రిల్ 4

అల్మారాలు సర్దడం అయిపోయింది. ఉన్నవి రెండే.

ఏప్రిల్ 9

పై అంతస్తు టైలర్‌కి జ్వరమట. మా బిల్డింగ్ గ్రూపులో పెట్టారు. మధ్యాహ్నానికి "మా అత్తగారి ఊళ్ళో ఇద్దరు", "మా ఆఫీసులో ఒకరు", దండలు వేసిన ఫోటోలు, వాటి కింద దండాలు. గ్రూపులోంచి బయటికొచ్చేశాను. తెలిసి చేసేదేముంది? కిటికీలు మూసి, తలుపు కింద సందులో తడిగుడ్డ పెట్టాను. పైన కుట్టుమిషన్ చప్పుడు లేదు. ఇన్నేళ్ళూ ఆ కటకటకి తలనొప్పి అని సాధించేదాన్ని. ఇప్పుడు చెవి అటే పడేసి కూర్చున్నాను.

ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకున్నాను. బాగానే ఉన్నట్టుంది. మళ్ళీ చూసుకున్నాను.

ఏప్రిల్ 13

కొంగ అడిగింది. "అమ్మా, మధ్యాహ్నం మేడ మీదకెళ్ళి కసరత్తు చేసుకుంటాను. రెండు గంటలు. ఇంట్లో కాళ్ళు కూడా చాపలేకపోతున్నాను."

పై అంతస్తు దాటి వెళ్ళాలి. ఆ టైలర్ తలుపు పక్కనుంచి. వద్దన్నాను. అది ఎదురు మాట్లాడలేదు. వెళ్ళి మళ్ళీ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దుట్నుంచీ అలాగే పడుకుని ఉంది. నిన్నా అంతే. మొన్నా అంతే. అత్తయ్య అన్నారు, "దాని పేరే కొంగ. కొంగని కోళ్ళగూట్లో కుక్కితే ఎట్లా?" ఆవిడే పెట్టారు ఆ పేరు, పొడుగు కాళ్ళు చూసి.

రెండు మాస్కులు పెట్టుకోమన్నాను. రెయిలింగ్ ముట్టుకోవద్దన్నాను. ఆ తలుపు దగ్గర ఊపిరి బిగబట్టమన్నాను. అన్నిటికీ తలూపింది.

ఏప్రిల్ 16

మేడ గాలి బాగా పనిచేస్తోంది. ముఖం కళకళలాడుతోంది. ఇవాళ తనంతట తనే నానమ్మకి తల దువ్వింది, నాకు టీ పెట్టి ఇచ్చింది. ఒప్పుకుని మంచి పని చేశాను. ఎండలో చెమట పడుతుందని పైనుంచి రాగానే తిన్నగా స్నానానికి వెళ్తోంది. నేను చెప్పక్కర్లేకుండానే. శుభ్రం విషయంలో ఈ పిల్లకి నా పోలికే.

ఏప్రిల్ 19

పొద్దున్న అత్తయ్య రెండుసార్లు దగ్గారు.

ఏప్రిల్ 20

దగ్గలేదు. వేలికి పెట్టే మిషన్‌లో తొంభై అయిదు. మళ్ళీ పెడితే తొంభై ఆరు. మళ్ళీ పెట్టబోతే చెయ్యి లాగేసుకుని, "వేలు అరిగిపోతుంది, అవతలకి పో," అన్నారు.

ఏప్రిల్ 21

అత్తయ్య అన్నారు, "దీని జుట్టు నాచు వాసన వస్తోందేమిటే?" నేనూ వాసన చూశాను. నిజమే. పచ్చి వాసన. మన బిల్డింగ్ ట్యాంకు కడిగి ఎన్నాళ్ళయిందో. మనుషులే లేరు, ఇంక కడిగేదెవరు? రేపటినుంచి స్నానం నీళ్ళు కూడా కాచాలి. ఇదొకటి.

ఏప్రిల్ 25

టైలర్‌ని తీసుకెళ్ళారు. తలుపు కన్నంలోంచి చూశాను. తెల్ల ముసుగులేసుకున్న ఇద్దరు కుర్చీలో కూర్చోబెట్టి దింపుతున్నారు. మా గుమ్మం ముందు మలుపు తిప్పలేక ఆగారు. ఆయన తల వాల్చుకుని ఉన్నాడు. నా జాకెట్లన్నీ ఆయన కుట్టినవే. ఒక్క క్షణం తలెత్తి సరిగ్గా ఈ కన్నంకేసి చూశాడు. నేను వెనక్కి జరిగిపోయాను. ఆయన భార్య పైన మెట్ల మీద నిలబడి, "చార్జర్ పెట్టుకున్నారా? చార్జర్?" అని అడుగుతోంది.

వాళ్ళు వెళ్ళాక తలుపు లోపలివైపు కూడా తుడిచాను.

అప్పుడు కొంగ ఇంట్లో లేదు, మేడ మీద ఉంది. నయం, చూడలేదు.

ఏప్రిల్ 29

డైవింగ్ మాస్టారు ఫోన్ చేశారు. ఆయన సొంతూరు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారట. కొంగ ఎలా ఉందని అడిగారు. చాలా బాగుంది, రోజూ కసరత్తు చేస్తోందన్నాను. సంతోషించారు. ఆ తర్వాత అంతా పూల్ గొడవే. వాచ్‌మన్ కూడా వెళ్ళిపోయాడు, మోటారు ఆగిపోయింది, అడుగున పగులుంది, రోజూ నీళ్ళు నింపితేనే నిలిచేది, ఇప్పుడు దిగిపోతుంటుంది, ఎండకి గోడల పలకలు ఊడిపోతాయి అని. జనం ప్రాణాలు పోతుంటే ఈయనకి పలకల బెంగ. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

అన్నాల దగ్గర మాటవరసకి చెప్పాను. కొంగ ముద్ద నోటి దగ్గర ఆపి, "ఎంత దిగిందట?" అంది.

"ఆయన ఇక్కడ ఉంటే కదా తెలిసేది."

"ఓహో," అని తినేసింది.

మే 3

టైలర్ పోయాడు.

మా ఆయన సాయంత్రం ఫోన్‌లో చెప్పారు. చివరిదాకా ఈయన పనిచేసే వార్డులోనే ఉన్నాడట. "మన బిల్డింగ్ మనిషని నాకు తర్వాత తెలిసింది," అన్నారు. ఆయన గొంతు బొంగురు పోయింది. మోతలో అరిచి అరిచి, అన్నారు. ఇంకేం అడగలేదు. మీరు తిన్నారా అంటే తిన్నానన్నారు, నువ్వు తిన్నావా అంటే తిన్నానన్నాను. ఇద్దరిదీ అబద్ధమే.

పైన ఏడుపు వినిపిస్తుందేమో అని చూశాను. ఏమీ లేదు. అది ఇంకా భయంగా ఉంది.

మే 5

కొంగ మోచేయి దోక్కుపోయింది. మేడ మీద గచ్చు గరుకు. మందు రాశాను. గాయంలో పచ్చగా ఏదో అంటుకుని ఉంది. ఆకు పసరు రాసుకున్నావా అంటే, ఊఁ అంది.

మే 8

మధ్యాహ్నం అల్లిక ఊడదీస్తూ కూర్చుంటే వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. ఇవాళ మేడకి ఆలస్యంగా బయల్దేరుతోంది.

"అమ్మా, నీకెప్పుడైనా నీ కాళ్ళు నీవి కానట్టు అనిపించిందా?"

ఒళ్ళునొప్పులు, తిమ్మిర్లు కూడా లక్షణాలేనని టీవీలో చెప్పారు. వెంటనే థర్మామీటర్ పెట్టాను. మామూలుగానే ఉంది. నాలుక చూశాను. వాసన తెలుస్తోందా అని కాఫీ పొడి డబ్బా ముక్కు దగ్గర పెట్టాను.

"తెలుస్తోందమ్మా," అంది. డబ్బా మూత పెట్టి నా చేతికిచ్చి, మాస్కు వేసుకుని వెళ్ళిపోయింది.

అమ్మయ్య.

మే 10

జ్వరం లేదు. ఎవరికీ లేదు. ముగ్గురికీ పొద్దున్నా సాయంత్రమూ చూస్తున్నాను. ఇంత జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదు. ఇంత జాగ్రత్తగా ఉన్నవాళ్ళకి ఏమీ కాకూడదు.

మే 12

ఇవాళ్టిది రాస్తాను. రాయకపోతే ఇది మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందు తిరుగుతూనే ఉంటుంది.

మధ్యాహ్నం మూడున్నరప్పుడు టైలర్ భార్య పై బాల్కనీలోంచి వంగి పిలిచింది. ఆయన పోయాక ఆవిడ గొంతు వినడం ఇదే. కిటికీ తెరవాలా వద్దా అని ఒక నిమిషం ఆలోచించాను. సిగ్గేసి తెరిచాను.

"అక్కా, మేడ తాళంచెవి మీ దగ్గరుందా?" అంది. "ఆయన బట్టలన్నీ ఉతికేశాను. ఇంట్లో ఆరట్లేదు."

"తాళం ఎందుకు? మా అమ్మాయి పైనే ఉందిగా. తెరిచే ఉంటుంది."

"పైన ఎవరూ లేరక్కా. ఇప్పుడే ఎక్కి చూసొచ్చాను. మాకు జ్వరం వచ్చిన మర్నాడే మేడకి తాళమేశారు, మేం బట్టలు ఆరేస్తున్నామని. గ్రూపులో పెట్టారుగా?"

ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. కిటికీ మూయలేదు, అది మాత్రం గుర్తుంది.

జ్వరం వచ్చిన మర్నాడంటే ఏప్రిల్ పదో తారీఖు. కొంగ మేడ మీదకి వెళ్తానని అడిగింది పదమూడున. అంటే ఒక్కరోజు కూడా, ఒక్కరోజు కూడా పైకి వెళ్ళలేదు.

అత్తయ్య మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. అంతా విన్నారు. "నాచు వాసనని నేను మొత్తుకున్నాను. నువ్వు ట్యాంకు అన్నావు," అన్నారు. ఆ మాటతో మాస్టారి ఫోన్ గుర్తొచ్చింది. అడుగున పగులు. దిగిపోతుంటుంది. "ఎంత దిగిందట?" అని ముద్ద ఆపిన పిల్ల.

గోడ పట్టుకున్నాను. "పరిగెత్తవే," అని అత్తయ్య అరిచారు. ఆవిడ అంత గట్టిగా అరిచి ఏళ్ళయింది. అరిచి, ఆయాసపడుతూ, చేత్తో తలుపు చూపిస్తూనే ఉన్నారు.

పరిగెత్తాను. ఇంట్లోంచి కాలు బయటపెట్టి ఎన్నాళ్ళయిందో. వీధి నాకు తెలిసిన వీధిలా లేదు. షట్టర్లన్నీ కిందికి. బస్టాపు బెంచీ మీద కుక్కలు పడుకున్నాయి. మందుల షాపు ముందు సున్నంతో గీసిన గుండ్రాలు, ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషి, అందరూ తిరిగి నన్నే చూశారు. అప్పుడు తెలిసింది, మూతికి మాస్కు లేదు. వెనక్కి తిరగలేదు. ఎదురుగా వచ్చే ఒకాయన నన్ను చూసి గోడకి అతుక్కుపోయాడు. నేను నలుగురిని చూసి అతుక్కుపోయినట్టే.

పూల్ ఉన్న స్టేడియం గేటుకి గొలుసు. ఎట్లా వెళ్తోంది మరి? గోడ పట్టుకుని చుట్టూ తిరిగాను. వెనకవైపు ఒకచోట ఇటుకలు ఊడిపోయి కంత ఉంది. దూరే చోట గడ్డి బాగా నలిగి దారి పడింది. అది రోజూ నడిచిన దారి. దూరుతుంటే చీర చిరిగింది.

ఏ శబ్దమూ లేదు. ఆ 'చుప్' కోసం చెవులు రిక్కించుకున్నాను. వినపడకూడదని కూడా మొక్కుకున్నాను.

ముందు నీళ్ళు చూశాను. నీళ్ళంటే నీళ్ళు కావు. అంచుదాకా నీలంగా నిండి ఉండే పూల్‌లో రెండు నిలువుల లోతున గోడలు బయటపడ్డాయి. దిగువన చిక్కటి ఆకుపచ్చ. మూల చచ్చిన కాకి తేలుతోంది. అడుగు కనపడదు. మోకాలి లోతుందో మనిషి లోతుందో చెప్పేవాడు లేడు. గట్టు మీద దాని చెప్పులు ఉన్నాయి. పక్కన మడతపెట్టిన రెండు మాస్కులు. ఒక తాడు, చివర తాళంకప్ప కట్టి ఉంది.

ఆ పచ్చ నీళ్ళలో దాని జుట్టు కోసం వెతికాను. ఎంతసేపు వెతికానో. ఆ కాస్తసేపు ఎలా ఉందో ఇక్కడ రాయను.

తర్వాత తలెత్తాను. అన్నిటికంటే పైనున్న ప్లాట్‌ఫాం అంచున కూర్చుని ఉంది. పోటీలకి కొన్న నల్ల స్విమ్‌సూట్‌లో. మోకాళ్ళు గుండెలకి హత్తుకుని, నీళ్ళకేసి చూస్తూ.

అరిస్తే ఉలిక్కిపడుతుంది. బెంచీ దగ్గరికి నడిచి, రోజూ కూర్చునే చోటే నిలబడి, మామూలుగా పిలిచాను. "కొంగా."

అది నెమ్మదిగా చూసింది. "నువ్వెందుకొచ్చావమ్మా?"

"ఊరికే."

"మాస్కు లేదు నీకు."

"మర్చిపోయాను."

దానికి నవ్వో ఏడుపో వచ్చింది. ఆ దూరానికి తెలియలేదు.

"ఇవాళ పన్నెండు," అంది.

పన్నెండు. నాకు గుర్తే లేదు. పొద్దున్న థర్మామీటర్ దులిపి ముగ్గురికీ చూసి, ఈ డైరీలో తారీఖు వేసి కూడా, నాకు గుర్తులేదు.

"రోజూ తాడుతో లోతు చూసుకునే దూకానమ్మా. నీళ్ళు తగ్గేకొద్దీ కింది ప్లాట్‌ఫాంకి, ఇంకా కిందికి మారాను. వారం నుంచి అసలు దూకట్లేదు, ఊరికే బోర్డు మీద నిలబడి వెళ్ళిపోతున్నా. ఇవాళ ఒక్కటి, ఒక్కటే దూకుదామని ఎక్కాను. ఎక్కేటప్పుడు ఏమీ లేదు. అంచుకి వచ్చాక కాళ్ళు రాలేదు."

"మంచిదయింది. దిగిరా."

"దిగలేను. మెట్ల మీంచి దిగకూడదు. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కరని మాస్టారు అంటారు. ఏడేళ్ళలో నేనెప్పుడూ దిగలేదు. దిగడం రాదమ్మా నాకు. ఇందాక ఒక కాలు పెట్టి చూశా. వెనక్కి చూస్తే కళ్ళు తిరిగాయి." ఆ మాట అంటూ కొద్దిగా ముందుకి వంగింది.

"కదలకు. నేనొస్తున్నాను."

"నువ్వా?"

అది ఆశ్చర్యపోవడంలో తప్పులేదు. నేను కుర్చీ ఎక్కి బల్బు మార్చే మనిషిని కాను. చీర కుచ్చిళ్ళు దోపుకుని మొదటి మెట్టు పట్టుకున్నాను. ఎండకి ఇనుము కాలుతోంది. మెట్ల మధ్య ఖాళీ, ఆ ఖాళీలోంచి కింద నేల. సగంలో ఆగిపోయాను. మొహం ఇనుముకి ఆనించి, ఎవరు ముట్టుకున్న ఇనుమో, ఎన్ని చేతులో, అన్నీ తెలిసే, చెంప ఆనించి నిలబడ్డాను. "అమ్మా, వద్దు, దిగిపో," అని పైనుంచి అది ఏడుస్తోంది. "దిగడం నాకూ రాదు," అన్నాను. నిజమే అది. ఇక ఎక్కడం తప్ప దారి లేదు.

పైన నిలబడలేకపోయాను. పాక్కుంటూ వెళ్ళి దాని జబ్బ పట్టుకుని అంచు నుంచి వెనక్కి లాగాను. మంచుగడ్డలా ఉంది, అంత ఎండలో.

"భయమేస్తోందమ్మా," అంది. "నాకెప్పుడూ వెయ్యలేదు. ఏం చెయ్యాలో తెలీట్లేదు."

"నాకు మార్చి నుంచి రోజూ వేస్తోంది. దాంతోటే వంట చేస్తున్నాను, అంట్లు తోముతున్నాను."

"నిజంగా?"

"తెలీదా నీకు?"

"నువ్వు తిడుతున్నావనుకున్నాను," అంది. "పొద్దస్తమానం ముట్టుకోకు, కడుక్కో, దూరంగా ఉండు. నా మీద కోపమనుకున్నాను."

దాని తల నా మెడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎండ పక్కకి వాలింది. కింద ఆ పచ్చ నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

ముందు నేను దిగాను, వెనక్కి. నా తలపైన దాని పాదం. మెట్టు మెట్టుకీ దాని చీలమండ పట్టుకుని, "ఇదిగో, ఇక్కడ. ఇది కుడికాలు. ఇప్పుడు ఎడమ," అంటూ ఒక్కో పాదాన్నీ నా చేత్తో మెట్టు మీద పెట్టాను. అడుగులు నేర్చుకునేటప్పుడు ఇలాగే పెట్టాను. అప్పుడు అది నవ్వేది. ఒకసారి దాని పాదం జారి నా వేళ్ళ మీద పడింది. గోరు నల్లబడింది. నొప్పి ఇప్పుడు తెలుస్తోంది.

నేల తగలగానే దాన్ని చెంప మీద కొట్టాను. ఒక్కటే. కొంగే నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. తలుపు బార్లా తెరిచి. కొంగ చెయ్యి పట్టుకుని తన బుగ్గకి ఆనించుకున్నారు. "చేతులు కడుక్కోమనండి ముందు," అందామని నోరు తెరిచి, మూసుకున్నాను.

మే 13

సాయంత్రం ఫోన్‌లో మా ఆయనకి చెప్పాను. చెప్పకూడదనుకున్నాను, ఆ మోత మధ్య ఆ మనిషికి ఇదొకటా అని. నోరు ఆగలేదు. అంతా విన్నారు. ఆ గుయ్యిమనే మోత మాత్రం.

"దిగింది కదా," అన్నారు.

"దిగిందండీ."

"ఇంట్లోనే ఉంది కదా ఇప్పుడు."

"నా పక్కనే ఉంది."

"దిగింది కదా," అన్నారు మళ్ళీ. తర్వాత ఆయన ఏడుపు విన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి. ఫోన్ కొంగకిచ్చాను. చెవికి పెట్టుకుని వింటూ కూర్చుంది.

మే 15

సంగతి ఫోన్ చేసి చెబితే మాస్టారు ఈ ఊళ్ళో ఉన్న మిత్రుణ్ణి పంపించి గోడ కంత పూడ్పించారు. ఆ మిత్రుడు గడకర్ర వేసి చూశాడట. పైకి నిలువు లోతున్నట్టు కనపడుతుంది గానీ అడుగంతా బురద, ఒండ్రు. ఒట్టి నీళ్ళు ఛాతీ దాకా కూడా లేవట. తాళంకప్ప ఆ బురదలో దిగబడి, తాడు తడిసినంతా నీళ్ళే అనుకుంది పిచ్చిపిల్ల.

"చివరిసారి ఎప్పుడు దూకిందో కనుక్కోండమ్మా," అన్నారు మాస్టారు.

కనుక్కోను. మే అయిదున మోచేయి దోక్కుపోయింది. గాయంలో పచ్చ.

ఈ నీళ్ళ మాట కొంగకి చెప్పను.

మే 16

పొద్దున్నే పైకెళ్ళి టైలర్ భార్య తలుపు కొట్టాను. దూరంగానే నిలబడ్డాను, భయం పోలేదు. మేడ తాళంచెవి సెక్రటరీ దగ్గర అడిగి తెచ్చానని చెప్పాను. ఆవిడ మళ్ళీ జాడించిన బట్టల బకెట్లు ఇద్దరం మోశాం. చొక్కాలు, పంచెలు, కొలతల టేపు ఒకటి జేబులో మర్చిపోతే అది కూడా ఉతికేసింది. ఆవిడ ఆ టేపుని కూడా క్లిప్పు పెట్టి ఆరేసింది.

మే 18

కొంగ మాట్లాడుతోంది. ఎక్కువ కాదు. మధ్యాహ్నం నా పక్కనే పడుకుని పైకప్పు చూస్తూ, "ఇప్పుడేం చేద్దాం?" అంది. తెలీదన్నాను. టైంటేబుల్ చింపేశాను. క్యాంపు ఇక లేదని దానికి తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఎవరం అనలేదు. ముగ్గురం ఒకే మంచం మీద అడ్డంగా పడుకున్నాం. అత్తయ్య గురక పెట్టారు. ఆ గురక బాగుంది.

మే 20

స్నానానికి వెళ్ళి వెంటనే బయటికొచ్చింది. సబ్బు తలతోటే. మొహం పాలిపోయింది. "కళ్ళు మూసుకుంటే పైనుంచి కింద పడుతున్నట్టుంది," అంది. నీళ్ళంటే భయం, నా కొంగకి.

చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి, నేను బయట తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. తలుపు దగ్గరగా వేసింది, గడియ పెట్టలేదు.

చెంబు నీళ్ళలో ముంచిన చప్పుడు. ఆగింది.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను."

కొన్ని నీళ్ళు పడ్డాయి. మళ్ళీ ఆగింది.

"ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నాను."

ఇంకో చెంబు. ఈసారి నిండుగా.

"ఉన్నావా?"

"ఉన్నానే, పోసుకో. ఉన్నాను."